సీసం పైపులు మార్చే ఖర్చు నగరం ఎక్కడి నుంచి తేవాలి?

శారద_వి
సోమవారం, రాత్రి 9.15

అందరికీ నమస్కారం. వీధి కింద పెద్ద నీటి పైపు నుంచి ఇళ్లలోకి వచ్చే చిన్న పైపులు, అదే సర్వీస్ లైన్లు, అమెరికాలోని మా నగరంలో చాలా చోట్ల సీసంవేనని ఈ మధ్య తేలింది. వచ్చే నెల కౌన్సిల్ ప్రజల అభిప్రాయం వింటుంది. వీధి వైపు సగం నగరం మారుస్తుందట, హద్దు లోపలి సగం ఇంటివాళ్లే సొంత డబ్బుతో మార్చుకోవాలట. అదీ వాళ్ల ప్రతిపాదన. మా కాలనీ తరఫున నాకు మూడు నిమిషాలు మాట్లాడే అవకాశం వచ్చింది.

పైపు మొత్తం నగరమే మార్చాలని అడగాలని నా ఉద్దేశం. ఆ మాట అనగానే "డబ్బెక్కడిది?" అంటారు. అది న్యాయమైన ప్రశ్నే, జవాబు లేకుండా అక్కడికి వెళ్లాలని లేదు. వేరే నగరాలు ఎలా తెచ్చాయో తెలిసినవాళ్లు చెప్పండి, దయచేసి.

లెక్కల_రమణ
సోమవారం, రాత్రి 10.40

శారద గారూ, నేను చాలా ఏళ్లుగా మున్సిపల్ బాండ్ల పని, అంటే నగరాలు మార్కెట్లో అప్పు తెచ్చుకునే పత్రాల పని, చేస్తున్నాను. ఏ నగరమూ ఈ పనికి ఒకే చోట నుంచి డబ్బు తేలేదు. రెండు మూడు చోట్ల నుంచి తెచ్చి కలుపుతారు.

అన్నిటికంటే ముందు చూడాల్సింది రాష్ట్రాల దగ్గరుండే తాగునీటి రివాల్వింగ్ ఫండ్. 1996లో మొదలైంది. కేంద్రం కొంత, రాష్ట్రం కొంత వేస్తాయి. నగరాలు తక్కువ వడ్డీకి అప్పు తీసుకుంటాయి, అవి తిరిగి కట్టిన డబ్బు ఇంకో నగరానికి అప్పుగా వెళ్తుంది. 2021 నవంబరులో వచ్చిన మౌలిక వసతుల చట్టం ఒక్క సీసం పైపుల కోసమే ఈ ఫండ్ ద్వారా ఐదేళ్లకు 1,500 కోట్ల డాలర్లు కేటాయించింది. అందులో 49 శాతం వెనకబడిన ప్రాంతాలకు తిరిగి కట్టనక్కరలేని సొమ్ముగా ఇవ్వాలి. మిగతాది అప్పే. "ఫెడరల్ డబ్బు వచ్చిందిగా" అని చాలామంది గ్రాంటు అనుకుంటారు కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. ఆ కేటాయింపులు 2022 నుంచి 2026 వరకే. మీ రాష్ట్రం జాబితాలో మీ నగరం పేరు ఉందా, లేకపోతే దరఖాస్తు అసలు పెట్టారా? మూడు నిమిషాల్లో మొదట అడగాల్సింది ఇదే.

అది చాలదు. మిగతాదానికి బాండ్లు వేయాలి, ఆ బాండ్లను నీటి బిల్లుల ఆదాయంతో తీర్చాలి. ఈ రోజు వేసే రాగి పైపు యాభై ఏళ్లు పైనే పనిచేస్తుంది. దాని ఖర్చంతా ఈ సంవత్సరం ఈ ఇంట్లో ఉన్నవాళ్ల నెత్తిన పెట్టడం సరికాదు. ఇల్లు కొనేటప్పుడు మనం ముప్పై ఏళ్ల లోన్ తీసుకుంటాం కదా, నగరం కూడా అలాగే చేయాలి.

తవ్వకాల_వాసు
మంగళవారం, ఉదయం 6.20

నేను పైపులు వేసే పనిలో ఉన్నాను, అందుకని ఖర్చు వైపు నుంచి చెబుతాను. డబ్బు ఎలా తేవాలో మాట్లాడేముందు ఎంత కావాలో తగ్గించుకోవచ్చు.

సర్వీస్ లైన్ మార్చడంలో రాగి పైపు ఖరీదు చిన్న భాగమే. డబ్బంతా పోయేది మనుషులు, యంత్రాలు, ట్రాఫిక్ మళ్లింపు, పర్మిట్లు, ఆ తర్వాత రోడ్డు, ఫుట్‌పాత్ మళ్లీ వేయడం మీద. ఒక్క ఇంటి కోసం ఒక బృందం వచ్చి గుంత తీసి పూడ్చి వెళ్లిపోతే ఖర్చు భయంకరంగా ఉంటుంది. వీధి వీధంతా ఒకేసారి చేస్తే ఆ ఖర్చు అన్ని ఇళ్ల మీదా పంచుకున్నట్టవుతుంది. మెయిన్ (వీధి కింది పెద్ద పైపు) మార్చడానికి రోడ్డు ఎలాగూ తవ్వుతున్నప్పుడు సర్వీస్ లైన్లు కూడా మార్చేస్తే ఇంకా తగ్గుతుంది. సగం నగరం, సగం ఇంటివాళ్లు అన్న పద్ధతిలో అసలు నష్టం ఇక్కడే. ఒకే గుంత రెండుసార్లు తవ్వుతారు, రెండు కాంట్రాక్టులకు డబ్బు కడతారు.

మిషిగన్‌లోని లాన్సింగ్ చూడండి. 2004లో మొదలుపెట్టి 2016 డిసెంబరుకి సుమారు 12 వేల సీసం లైన్లు పూర్తిగా మార్చారు. మొత్తం ఖర్చు 4.45 కోట్ల డాలర్లు. అంటే లైనుకు నాలుగు వేల డాలర్ల లోపే. అక్కడి సంస్థ సొంత పనివాళ్లతో చేయించుకుంది. పొడవునా కందకం తవ్వకుండా రెండు చివర్ల గుంతలు తీసి, పాత సీసం పైపుకి కొత్త రాగి పైపు తగిలించి లాగేస్తారు. పాతది బయటికొస్తుంటే కొత్తది దాని దారిలోనే లోపలికి పోతుంది. దీంతో టైమూ ఖర్చూ దాదాపు సగానికి తగ్గాయి. ఇంకో విషయం, అక్కడ మీటరు దాకా పైపు మొత్తం సంస్థదే. ఇంటివాళ్ల సగం అన్న గొడవే లేదు.

నళిని_ఎం
మంగళవారం, మధ్యాహ్నం 1.05

శారద గారూ, సగం సగం వద్దని మీరు తప్పకుండా చెప్పాలి. డబ్బు లెక్కకన్నా ముందు చెప్పాల్సింది అదే అని నాకనిపిస్తుంది.

మేము కొన్నేళ్ల కింద ఉన్న ఇంట్లో ఇది జరిగింది. నీటి విభాగం వాళ్లు వీధి వైపు మార్చి, మా వైపు మేము మార్చుకోవచ్చని ఒక కాగితం తలుపుకి తగిలించి వెళ్లారు. కాంట్రాక్టరు చెప్పిన మొత్తం అప్పట్లో మా చేతిలో లేదు. మా బాబుకి పద్నాలుగు నెలలు. పని జరిగిన వారాల్లో నీళ్లు పరీక్ష చేయిస్తే సీసం ముందుకన్నా పెరిగింది. ఆ పరీక్ష రిపోర్టు చేతిలో పట్టుకున్న రోజు టెన్షన్ నేను ఇప్పటికీ మర్చిపోలేదు. పాల సీసాలో కలిపింది ఆ కుళాయి నీళ్లే.

ఎందుకు పెరిగిందో తర్వాత తెలిసింది. పాత పైపు లోపల ఏళ్ల తరబడి పేరుకున్న పొర కోసినప్పుడు కదిలి, ముక్కలు నీళ్లలోకి వస్తాయి. పైగా రాగినీ సీసాన్నీ నేరుగా కలిపితే ఆ అతుకు దగ్గర సీసం ఇంకా త్వరగా అరిగి నీళ్లలోకి దిగుతుంది. వాషింగ్టన్ డి.సి. ఇలా సగం మార్పిడికి చాలా ఖర్చు పెట్టింది. సీడీసీ (అమెరికా ప్రజారోగ్య సంస్థ) వాళ్లు పిల్లల రక్త పరీక్షలు చూస్తే, సగం మార్చిన ఇళ్లలో ప్రమాదం తగ్గినట్టు కనిపించలేదు. నగరం డబ్బు పోయింది, పిల్లలకు ఫలితం దక్కలేదు. పిల్లల రక్తంలో సీసం ఇంత వరకు ఉంటే ఫరవాలేదు అనే హద్దు ఏదీ లేదు.

కిరణ్_ఆర్
మంగళవారం, సాయంత్రం 7.30

నళిని గారూ, మీ అనుభవం చదివి బాధ కలిగింది. అయినా నా సందేహం సూటిగా అడుగుతాను, తప్పుగా అనుకోకండి. మా ఇల్లు 2006లో కట్టింది, అన్నీ రాగి పైపులే. వేరేవాళ్ల హద్దు లోపలి పైపుకి నా నీటి బిల్లు ఎందుకు పెరగాలి? వాళ్ల పైకప్పు కారితే నేను బాగుచేయించను కదా. స్థిరమైన పెన్షన్‌తో బతికే పెద్దవాళ్లు కూడా ఆ బిల్లే కడుతున్నారు. వాళ్లకు నెలకు ఐదు డాలర్లు కూడా బరువే.

విశ్వం_మాస్టారు
మంగళవారం, రాత్రి 9.50

కిరణ్, పైకప్పు పోలిక ఇక్కడ కుదరదు నాయనా. ఆ పైపు సీసంది కావాలని ఇంటివాళ్లు ఎంచుకోలేదు. చాలా నగరాల్లో నిబంధనలే సీసం వేయమన్నాయి. చికాగో కోడ్ అయితే, 1986లో ఫెడరల్ చట్టం నిషేధించే దాకా ఇళ్లకు సీసం సర్వీస్ లైనే ఉండాలని చెప్పింది. ఇప్పుడు దేశంలో అందరికన్నా ఎక్కువ, సుమారు నాలుగు లక్షల సీసం లైన్లు అక్కడే ఉన్నాయి. సీసం విషమని 1986కి చాలా ముందే తెలుసు. సీసం పరిశ్రమ సంఘం ఈ పైపుల కోసం నగరాల చుట్టూ తిరిగి ప్రచారం చేసిన చరిత్ర ఉంది. నగరం తానే పెట్టించిన పైపుని, ఇప్పుడు "మీ హద్దులో ఉంది, మీదే" అంటే ఎలా?

ఇక డబ్బు విషయం. విస్కాన్సిన్‌లోని మాడిసన్ ఈ పని అందరికన్నా ముందే చేసింది. 2000లో ఆర్డినెన్స్ (నగర కౌన్సిల్ చేసే చట్టం) చేసి, సీసం లైను మార్చడం తప్పనిసరి చేశారు. 2001 నుంచి పదకొండేళ్లలో సుమారు ఎనిమిది వేల లైన్లు తీసేశారు. ఇంటివాళ్ల ఖర్చులో సగం, వెయ్యి డాలర్లు మించకుండా, తిరిగి ఇచ్చారు. నీటి బిల్లుల సొమ్ము ప్రైవేటు పైపులకు వాడొద్దని నీటి ధరల్ని నియంత్రించే రాష్ట్ర కమిషన్ అడ్డుపడింది. అప్పుడు వాళ్లు నీటి ట్యాంకుల మీద సెల్‌ఫోన్ యాంటెనాలు పెట్టుకోనిచ్చి, ఆ అద్దెతో ఇళ్లవాళ్లకు ఇచ్చారు. బిల్లుల డబ్బు ముట్టుకోలేదు. అదే రాష్ట్రంలో గ్రీన్ బే నగరం తన స్టేడియం కోసం వేసిన అమ్మకపు పన్నులో మిగిలిన సొమ్ముని ఈ పనిలో పెట్టింది. 2020కల్లా సీసం లైన్లన్నీ పోయాయి. శారదమ్మా, మీ నగరానికి బిల్లులు కాకుండా ఇంకే ఆదాయం ఉందో ఒకసారి బడ్జెట్ పుస్తకం తిరగేయండి. అద్దెలు, లీజులు, ఎక్కడో మిగిలిపోయిన నిధులు, ఇలాంటివి ఉంటాయి.

లెక్కల_రమణ
బుధవారం, ఉదయం 8.10

మాస్టారు చెప్పినదానికి ఇంకోటి కలుపుతాను. న్యూజెర్సీలోని నెవార్క్‌లో మొదట ఇంటివాళ్లు వెయ్యి డాలర్ల దాకా కట్టాలన్నారు. పని నత్తనడక నడిచింది. 2019లో ఎసెక్స్ కౌంటీ 12 కోట్ల డాలర్ల బాండ్లు వేసింది, పోర్టు భూముల మీద నగరానికి వచ్చే అద్దెతో వాటిని తీర్చేలా ఒప్పందం చేసుకున్నారు. ఆ తర్వాత ఇంటివాళ్లకు పైసా ఖర్చు లేదు. 23 వేలకు పైగా లైన్లు మూడేళ్ల లోపే దాదాపు పూర్తయ్యాయి.

కిరణ్ గారూ, మీ ఐదు డాలర్ల ప్రశ్నకి ఊహా లెక్క ఒకటి వేస్తాను. ఇవి ఏ నగరానివీ కావు, ఉదాహరణ కోసం నేను తీసుకున్న అంకెలు. 10 వేల లైన్లు, ఒక్కోటి 8 వేల డాలర్లు, మొత్తం 8 కోట్లు. నీటి బిల్లు కట్టేవాళ్లు 60 వేల మంది. 3 శాతం వడ్డీకి 30 ఏళ్ల అప్పు తీసుకుంటే ఏటా సుమారు 41 లక్షలు కట్టాలి. బిల్లుకి నెలకు ఐదున్నర డాలర్ల పైచిలుకు. అందులో 49 శాతం మాఫీ అయితే మూడు డాలర్ల లోపు. అదే అప్పు పదేళ్లలో తీర్చాలంటే, మాఫీ లేకుండా, నెలకు 13 డాలర్లు. చేసే పని ఒకటే, పంచే పద్ధతి మారితే ఇంత తేడా. ఇంటివాళ్లనే సగం కట్టమంటే, ఒక్కో ఇంటి మీద నాలుగు వేలు ఒక్కసారిగా పడుతుంది.

పెన్షన్ మీద బతికేవాళ్ల బిల్లులకు రాయితీ ఇవ్వొచ్చు. పైపు మాత్రం అందరిదీ మార్చాలి.

తవ్వకాల_వాసు
బుధవారం, ఉదయం 8.45

రమణ గారి లెక్కలో 8 వేలు అన్నది చాలా జాగ్రత్తగా చూడాల్సిన అంకె. పాత నగరం నడిబొడ్డున, లోతైన మెయిన్లు ఉన్న చోట అది చాలదు. ముందు ఒకటి రెండు వీధుల్లో చేసి చూసి అప్పుడు అంకె రాసుకోవాలి.

అద్దె_ఇంటి_సునీత
బుధవారం, సాయంత్రం 5.15

నాలాంటివాళ్ల గురించి ఒక్క మాట. నేను అద్దెకి ఉంటున్నాను. మా ఓనరు వేరే రాష్ట్రంలో ఉంటాడు. పైపు మార్చడానికి అతని సంతకం కావాలన్నారు. మూడు ఈమెయిళ్లు పెట్టాను, జవాబు లేదు. అతను ఆ నీళ్లు తాగడు, ఖర్చు మాత్రం అతనిది. ఎందుకు పెడతాడు? ఖర్చు ఉచితమన్నా కూడా సంతకం దగ్గరే ఆగిపోతుంది.

లెక్కల_రమణ
బుధవారం, సాయంత్రం 6.00

సునీత గారూ, ముఖ్యమైన విషయం గుర్తు చేశారు. నెవార్క్‌లో ఎక్కువమంది అద్దె ఇళ్లలోనే ఉంటారు. అందుకే 2019లో వాళ్లు, యజమాని అనుమతి లేకపోయినా నగరం లోపలికి వెళ్లి పైపు మార్చేలా ఆర్డినెన్స్ చేశారు. అది లేకపోతే అంత త్వరగా అయ్యేది కాదు. డబ్బు ఎంత తెచ్చినా ఆ ఆర్డినెన్స్ లేకపోతే డబ్బు బ్యాంకులో కూర్చుంటుంది.

కిరణ్_ఆర్
బుధవారం, రాత్రి 8.20

రమణ గారి లెక్క నాకు ఉపయోగపడింది. నెలకు మూడు డాలర్లంటే నాకు అభ్యంతరం లేదు. అయితే ప్రైవేటు ఆస్తి మీద ప్రజల డబ్బు పెట్టడం చట్టప్రకారం కుదురుతుందా? కోర్టుకెళ్తే పని మధ్యలో ఆగిపోదా? ఇంటివాళ్ల చేతే కట్టించి, ఆస్తి పన్నుతో పాటు పదేళ్లలో వాయిదాలుగా తీసుకుంటే అందరికీ న్యాయంగా ఉంటుంది కదా?

లెక్కల_రమణ
బుధవారం, రాత్రి 9.30

మొదటిది చట్టం. చాలా రాష్ట్రాల రాజ్యాంగాల్లో ప్రజాధనాన్ని ప్రైవేటు వ్యక్తులకు ఊరికే ఇవ్వకూడదన్న నిబంధన ఉంది. కానీ ప్రజారోగ్యం ప్రజా ప్రయోజనమే. ఆ అనుమానం తీర్చడానికి కొన్ని రాష్ట్రాలు చట్టాలే మార్చాయి. పెన్సిల్వేనియా 2017లో, మాడిసన్‌కి అడ్డుపడిన అదే విస్కాన్సిన్ 2018లో మార్చాయి. విస్కాన్సిన్ చట్టం ప్రకారం నీటి సంస్థ ఇంటివాళ్ల ఖర్చులో సగం దాకా బిల్లుల డబ్బు నుంచి ఇవ్వొచ్చు. మిషిగన్ 2018 నిబంధన ఇంకా ముందుకెళ్లింది. పైపు మొత్తం సంస్థే తన ఖర్చుతో మార్చాలి, ఏటా సగటున 5 శాతం చొప్పున. శారద గారూ, మీ నగర న్యాయవాది దగ్గర దీనిమీద రాతపూర్వక అభిప్రాయం అడగండి. నోటిమాట "కుదరదు" అన్నదాన్ని ఒప్పుకోవద్దు.

రెండోది వాయిదాలు. మిల్వాకీ, సిన్సినాటి ఇంటివాళ్ల వాటాని ఆస్తి పన్ను మీద పదేళ్లు వేసుకునే వీలు ఇచ్చాయి. ఫిలడెల్ఫియా అరవై నెలలకు వడ్డీ లేని అప్పు ఇచ్చింది. కెనడాలో మాంట్రియల్ నగరం తనే మార్పించి, ఇంటివాళ్ల భాగం పదిహేనేళ్లలో కట్టుకోమంటుంది. ఒక్కసారిగా కట్టమనడం కన్నా ఇవన్నీ మేలు, నేను కాదనను.

నళిని_ఎం
బుధవారం, రాత్రి 10.15

అప్పు తీసుకోవచ్చు అన్నప్పుడు ఎవరు తీసుకుంటారో చూడండి కిరణ్ గారూ. అప్పటికే అప్పుల్లో ఉన్న ఇల్లు ఇంకో అప్పు తీసుకోదు. కంటికి కనపడని, రుచి తెలియని ప్రమాదం కోసం అసలే తీసుకోదు. వాషింగ్టన్‌లో తమ వైపు సొంత ఖర్చుతో మార్చుకోండి అన్న పదేళ్లలో ఎవరెవరు మార్చుకున్నారని 2020లో ఒక అధ్యయనం చేశారు. ఆదాయం ఎక్కువున్న ప్రాంతాల్లో ఎక్కువ మార్చుకున్నారు, పేద నల్లజాతి కుటుంబాల ప్రాంతాలు వెనకబడిపోయాయి. వాటా పెట్టగానే ఎవరి పిల్లలు సీసం తాగుతారో మనమే నిర్ణయించినట్టు అవుతుంది. ఆ రోజు నా దగ్గర డబ్బు లేదు. అంతకుమించి నేను చేసిన తప్పేమీ లేదు.

కిరణ్_ఆర్
బుధవారం, రాత్రి 10.40

ఆ కోణం నాకు తట్టలేదు నళిని గారూ. వాయిదాల మాట వెనక్కి తీసుకుంటున్నాను. బిల్లులో ఆ మూడు డాలర్లు విడిగా ఒక వరుసలో చూపించాలి, ఏటా ఎన్ని లైన్లు మారాయో పేపర్లో వేయాలి. ఆ రెండూ ఉంటే మా వీధివాళ్లను నేను ఒప్పిస్తాను.

తవ్వకాల_వాసు
గురువారం, ఉదయం 6.05

పని పదేళ్లు పడుతుంది. ఆ పదేళ్లూ జనం ఏం తాగాలన్నది కూడా బడ్జెట్‌లో ఉండాలి, అది అందరూ మర్చిపోతారు. డెన్వర్ 2020లో మొదలుపెట్టిన పథకంలో పైపు మారే దాకా ఆ ఇళ్లకు ఫిల్టర్లు ఉచితంగా ఇస్తోంది, నీటి క్షార గుణం కూడా పెంచింది. పదిహేనేళ్ల పథకం, ఇంటివాళ్లకు ఖర్చు లేదు. డబ్బు బిల్లుల నుంచి, బాండ్ల నుంచి, కొత్త కనెక్షన్ల ఫీజుల నుంచి, వాళ్ల డ్యాముల దగ్గర తయారైన కరెంటు అమ్మకం నుంచి వస్తుంది. ఫెడరల్ డబ్బు దాని మీద అదనం.

నీటిలో ఆర్థోఫాస్ఫేట్ అనే మందు కలిపితే పైపు లోపల పొర ఏర్పడి సీసం తక్కువగా దిగుతుంది. చాలా చవక. మిషిగన్‌లోని ఫ్లింట్‌లో 2014లో నీటి వనరు మార్చినప్పుడు పైపు లోపల అరిగిపోకుండా చూసే ఆ మందు వేయలేదు, సీసం నీళ్లలోకి దిగింది. 2017లో కోర్టు ఒప్పందం కింద పైపులు మార్చడానికే రాష్ట్రం 9.7 కోట్ల డాలర్లు పెట్టాల్సి వచ్చింది, బాధితుల పరిహారం వేరు. కౌన్సిల్‌లో ఎవరైనా "ఆగుదాం" అంటే ఈ అంకె చెప్పండి. కానీ మందు ఉంది కదా అని పైపులు వదిలేయకూడదు. తవ్వకం కదలికకే పొర ఊడుతుంది, నేను కళ్లారా చూశాను.

శారద_వి
మూడు వారాల తర్వాత, గురువారం, రాత్రి 10.20

నిన్న సాయంత్రం మాట్లాడాను. మూడు నిమిషాలు చాలవని ముందే తెలుసు కాబట్టి రమణ గారి లెక్కని మా నగరం అంకెలతో మళ్లీ వేసి కాగితం మీద అందరికీ పంచాను. నళిని గారూ, మీ పేరు లేకుండా మీ సంగతి చెప్పాను, మీరు మెసేజ్‌లో సరేనన్నారు కాబట్టి. హాలు నిశ్శబ్దంగా విన్నది.

సగం సగం ప్రతిపాదన మీద ఓటు వాయిదా వేశారు. పైపు మొత్తం నగరమే మారిస్తే ముప్పై ఏళ్లకు బిల్లు ఎంత పెరుగుతుందో లెక్క వేయమని నీటి విభాగానికి, చట్టం మీద రాతపూర్వక అభిప్రాయం ఇమ్మని న్యాయవాదికి చెప్పారు. రాష్ట్ర ఫండ్‌కి మా నగరం ఇంతవరకు దరఖాస్తే పెట్టలేదట. అది ఆ హాల్లోనే బయటపడింది. ఈ నెలాఖరుకి పెడతామన్నారు.

ఒక కౌన్సిల్ సభ్యురాలు అడిగిన దానికి నేను జవాబు చెప్పలేకపోయాను. వీధి వైపు సీసం ఎప్పుడో తీసేసి, లోపల పాత జి.ఐ. (జింక్ పూత ఇనుప) పైపు మిగిలిన ఇళ్లు చాలా ఉన్నాయట. అవి లెక్కలోకి వస్తాయా? వాసు గారూ, మీకు తెలుసా?

తవ్వకాల_వాసు
శుక్రవారం, ఉదయం 6.10

వస్తాయండీ. ఒకప్పుడు సీసం పైపు తర్వాత ఉన్న జి.ఐ. పైపు లోపలి తుప్పు సీసాన్ని పట్టి ఉంచుకుంటుంది, తర్వాత ఎప్పుడో వదులుతుంది. అందుకే ఫెడరల్ నిబంధన వాటినీ మార్చాల్సిన లైన్లుగానే లెక్కిస్తుంది. 2021 చట్టం డబ్బు వాటికీ వాడొచ్చు. దరఖాస్తు పెట్టేముందే వాటి సంఖ్య అందులో చేర్చమనండి. తర్వాత దొరికాయని రెండోసారి డబ్బు అడగడం చాలా కష్టం.

గుర్తుపట్టడం సులువు. మీటరు దగ్గర పైపుని నాణెంతో మెల్లగా గీకండి. వెండిలా మెరిసి, అయస్కాంతం అంటకపోతే సీసం. అంటితే జి.ఐ. ఎర్రటి రాగి రంగులో గీత కనపడితే రాగి. మీ కాలనీ వాళ్లు ఒక్క ఆదివారం కూర్చుంటే రెండు మూడు వీధుల జాబితా తయారవుతుంది. గీకిన తర్వాత చేతులు కడుక్కోమని చెప్పండి, పిల్లల చేత మాత్రం చేయించవద్దు.